వచ్చును, వలెను

చిత్తూరు కలెక్టరేటు వెనక రేకుల గదిలో
నీవా నదీ జలమండలికి నేను అనువాదకుణ్ణి.
నది పేరు బోర్డు మీద ఉంది.
నది మాత్రం బ్రిడ్జి కింద
ముళ్లకంపల మధ్య ఎక్కడో ఉండాల.

ఈ వారం నా పని
ఒక్క క్రియాపదం మార్చడం.

యాభై ఏళ్ల నాటి చట్టం, సెక్షన్ పద్నాలుగు:
"మండలి తనిఖీ చేయవచ్చును,
నోటీసు ఇయ్యవచ్చును,
యాభై రూపాయలకు మించని జరిమానా విధించవచ్చును."
వచ్చును, వచ్చును అని రాసిపెట్టుకుని
ఇన్నేళ్లూ ఎవ్వరూ రాలా.
వచ్చిందల్లా తిరుచెంగోడు బోరు లారీ,
రాత్రి పదకొండుకి,
తెల్లారేసరికి వీధంతా బూడిదరంగు బురద.

ఆ యాభై రూపాయల్ని ఫీల్డు మనిషి గంగులప్ప
ఒకే ఒకసారి వసూలు చేసినాడంట,
టాంకర్ల దామోదరం దగ్గర.
దామోదరం వంద నోటిచ్చి
"చిల్లర వద్దులేప్పా, రేపటిది గూడా కట్టుకో" అన్నాడంట.
చెప్పినప్పుడల్లా నవ్వుతాడు గంగులప్ప.
రసీదు పుస్తకం మాత్రం బీరువాలోనే దాచినాడు,
చిరిగింది ఒక్క చీటీ, తక్కిన తొంభైతొమ్మిదీ తెల్లగా.

ఇప్పుడు "చేయవలెను."
ఇప్పుడు యాభై పక్కన మూడు సున్నాలు.
తాళం వేసే అధికారం, మోటారు ఎత్తకపోయే అధికారం,
ముందు చెప్పకుండా గడప దాటే అధికారం.
టైపు చేస్తా ఉంటే నా వేళ్లకి
కొంచెం పొగరెక్కిన మాట నిజం.

అన్నిటికన్నా ముందు నిర్వచనాలు.
పాత చట్టంలో "నీరు అనగా
నదిలో, వాగులో, కాలువలో, చెరువులో కనబడు నీరు."
కనబడు.
అంటే తొమ్మిది వందల అడుగుల కింద ఉండేది
ఇన్నాళ్లూ చట్టానికి నీళ్లే కాదు.
రాతి చెమట అనుకున్నారేమో.
కనబడు కొట్టేసి
"భూమిపైన గాని, భూమిలోపల గాని" అని రాసినాను.
రాసి, లేచి, కుండలో గ్లాసు ముంచినాను.
ఎందుకో చెయ్యి వణికింది.

మా మిట్టూరు ఇంటి పెరట్లో
ఎనిమిది వందల నలభై అడుగుల బోరుంది.
ఏ రిజిస్టర్లోనూ లేదు.
దాని మూత మీద మా పాప కనకాంబరాల కుండీ పెట్టింది.
నేను రాసిన వాక్యం
మొదట మా గడపే దాటుతుంది.

అది సరే, అది నా కర్మ.
నన్ను పట్టుకుని వదలంది వళ్ళియమ్మ.

ఎండాకాలమంతా నీవా ఇసకలో,
బట్టలుతికే బండల కాడ
చెలమ తవ్వుకుంటుంది ఆమె.
కొబ్బరిచిప్పతో తోడి, కొంగుతో వడగట్టి
మూడు బిందెలకి గంటన్నర.
చిప్ప మునిగేంత ఊరేదాకా
గట్టున కూచుని వక్కాకు నములుతుంది.
కొత్త నిర్వచనం ప్రకారం ఆమె
"అనుమతి లేని భూగర్భజల సంగ్రహణకర్త."
దామోదరానికి వకీలున్నాడు.
మినహాయింపు అర్జీ, సెక్షన్ ఇరవై రెండు కింద,
చట్టం రాకముందే రెడీ.
మా ఆఫీసు ఎదురు జిరాక్సు కొట్లో కళ్లారా చూసినాను.

సాయంత్రం అయిదున్నర.
సూపరింటెండెంటు ఫర్హానా మేడం బ్యాగు సర్దుకుంటా ఉంది.
ఇంగ్లీషు ముసాయిదాలో లేని వాక్యమొకటి
తెలుగులో చేర్చినాను:
"చేతితో తోడుకొను నీటికి ఈ చట్టము వర్తించదు."
మేడం అద్దాలు మళ్లీ పెట్టుకుని చదివింది.
"ఇది వాళ్ల దాంట్లో లేదే."
"లేదు మేడం."
"చివరి పేజీ గుర్తుందా నీకు?"
గుర్తుంది. నేనే అనువదించినాను:
రెండు పాఠముల నడుమ భేదము కలిగినచో
ఇంగ్లీషు పాఠమే చెల్లును.

ఆమె కొట్టెయ్యలేదు.
సంతకమూ పెట్టలేదు.
ఫైలు మూసి, పైన పేపర్‌వెయిట్ పెట్టి
"రేపు చూద్దాం" అని ఫ్యాను ఆపింది.

ఇంటికి పోతా బ్రిడ్జి మీద స్కూటరు నిలబెట్టినాను.
కింద ఇసకలో తడి గుంట ఒకటి,
పక్కన బోర్లించిన చిప్ప.
నీళ్లు ఊరతా ఉన్నాయి.
ఊరవచ్చునో, ఊరవలెనో
వాటికెవరూ చెప్పినట్టు లేదు.